ఫ్రేముల దాతకు జేజేలు

ఆర్‌టీఎక్స్ 5090 ప్రభువులకు జయము జయము! 2022 అక్టోబరులో తమ అన్నగారు 4090 వచ్చినప్పుడు, ఇక ఇంతకు మించిన గ్రాఫిక్స్ కార్డు పుట్టదని జనం చేతులెత్తి మొక్కారు. పాపం, ఆయన తాగేది 450 వాట్లే. 2025 జనవరిలో తమరు 575 వాట్లతో వేంచేసి ఆ కొరత తీర్చారు. మన దేశంలో తమ ప్రారంభ ధర 2,14,000 రూపాయలన్నారు. అంత చవగ్గా దొరికితే తమ పరువేం కావాలని దుకాణాలవాళ్లు పైన ఇంకొంత చేర్చి మరీ తమను గౌరవించారు.

తమరు మోస్తున్న బరువు సామాన్యమైనదా? 4కె తెర అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160, వెరసి దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లే గడువు. సైబర్‌పంక్ 2077లో పాత్ ట్రేసింగ్ పెట్టి, ఆ 83 లక్షలూ స్వయంగా గీయమంటే తమరు సెకనుకు 30 దరిదాపుల్లో ఆగిపోతారు. రెండు లక్షలు పోసినవాడు అడిగాడు కదా అని చెమటోడ్చడానికి తమరేమన్నా కూలీలా? అందుకే డీఎల్‌ఎస్‌ఎస్ అనే దివాన్‌గారిని పక్కన పెట్టుకున్నారు.

దివాన్‌గారి తెలివికి దండం పెట్టాలి. పెర్ఫార్మెన్స్ మోడ్ అని ఒకటుంది. అందులో తమచేత 1920×1080లోనే గీయించి, మిగతాది ఊహించి నింపి, 4కె అని ముద్ర కొడతారు. బొమ్మ బాగానే ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. వేగంగా కదిలే సన్నటి తీగలు, గడ్డిపోచలు కాస్త అలుక్కుపోతే వాటి ఖర్మ. అంతటితో ఆగక, తమరు గీసిన ప్రతి ఫ్రేముకూ మరో మూడు ఫ్రేములు కల్పించి కలుపుతారు. రెండు లెక్కలూ కలిపితే పదహారు పిక్సెళ్లకు తమ చేతి గీత ఒక్కటి. పదహారణాల బొమ్మ అంటే ఇదే! అణా కష్టం, పదిహేను అణాల కల్పన, ధర మాత్రం పదహారణాలూ.

ఆ కల్పించిన ఫ్రేములు ఎంత నిర్లిప్తమైనవో! మౌస్ ఎటు కదిలినా వాటికి పట్టదు. మన చేతికి జవాబిచ్చేవి అసలు ఫ్రేములే. మధ్యలో కల్పించాలంటే తర్వాతి అసలు ఫ్రేము సిద్ధమైనా కాసేపు ఆపి ఉంచాలి కనుక, అవి కూడా తీరిగ్గా వస్తాయి. తెర మూలన ఎఫ్‌పీఎస్ అంకె 120 చూపిస్తుంది, చేతికి 30 తగులుతుంది. శత్రువు తూటాకు మనం పడిపోవడాన్ని ఇంత స్మూత్‌గా చూపించిన కార్డు మునుపెన్నడూ లేదు.

తమ కంపెనీ అధిపతి జెన్సన్ హువాంగ్ గారిది మరీ పెద్ద మనసు. 549 డాలర్ల 5070లోనే 4090 పనితనం ఉందని లాస్‌వేగాస్ సభలో ప్రకటించి, 1,599 డాలర్లు పెట్టి 4090 కొన్నవారికి ఒక్క మాటతో వైరాగ్యం ప్రసాదించారు. కల్పించిన ఫ్రేములను లెక్కలో వేస్తేనే ఆ మాట నిలబడుతుందని తర్వాత తేలిందనుకోండి. దాతల మాటకు లెక్కలు కడతారా ఎవరైనా?

తమ ఆప్యాయత వేడి తెలియాలంటే మే నెలలో విజయవాడలో తమతో ఒకే గదిలో ఉండాలి. ఏడు సీలింగ్ ఫ్యాన్ల కరెంటు తాగి, ఏడు ఫ్యాన్లు తిప్పినా చల్లారని గదిని బదులిస్తారు. అన్నగారైతే కొందరి ఇళ్లలో పవర్ కనెక్టర్ కరిగిపోయేంత ప్రేమ చూపారు. దాన్ని పూర్తిగా గుచ్చకపోవడమే కారణమని కంపెనీ తేల్చింది. మొక్కు ఫలించకపోతే లోపం భక్తుడిదే కదా.

ఆ భక్తులు తమకు తగినవారే. అల్ట్రా నుంచి హైకి ఒక్క మెట్టు దిగితే ఫ్రేములు పెరుగుతాయి, తేడా ఆట ఆపి వెతికితే గానీ కనబడదు. అయినా దిగరు. 4కెలో భారమంతా దాదాపు తమ మీదే, కొత్త ప్రాసెసర్‌తో ఒరిగేది చాలా ఆటల్లో కొంచెమే. అయినా ప్రాసెసర్ కొంటారు, దానికోసం మదర్‌బోర్డు కొంటారు, కొత్త ర్యామ్ కొని బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకుండా నెమ్మదిగానే నడిపిస్తారు. 144 హెర్ట్జ్ మానిటర్‌ను విండోస్ సెట్టింగ్స్‌లో 60 దగ్గరే వదిలేసి, ఆట ఇంకా ఆగి ఆగి కదులుతోందని 1000 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీసేసి 1200 వాట్లది బిగించుకుంటారు. ఆ 60ని 144కు మార్చుకోమని వారికి తమరు మాత్రం చెప్పకండి ప్రభూ, అది ఉచితం.