ఒరిజినల్స్ తెచ్చారా?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేశానో లేదో, చేతిలో ఆరు కరపత్రాలు పడ్డాయి. జుట్టు నెరిసింది, పొట్ట ముందుకొచ్చింది, అయినా ఆ కుర్రాళ్లు నన్ను వదల్లేదు. 45 రోజుల్లో నన్ను డేటా సైంటిస్టుని చేస్తామంది ఒక కాగితం. ఉద్యోగం వచ్చాకే ఫీజు అంది ఇంకొకటి. అన్నీ మడిచి జేబులో పెట్టుకుని మా మేనల్లుడి వెనకాలే మూడో అంతస్తు ఎక్కాను. ఇంటర్వ్యూ వాడికి, నేను తోడు.

కన్సల్టెన్సీ అంటే లోకంలో ఒక అర్థం ఉంది. తెలియనివాడు వచ్చి అడుగుతాడు, తెలిసినవాడు చెబుతాడు, చెప్పినందుకు ఫీజు పుచ్చుకుంటాడు. మన దగ్గర ఆ మాట కొంచెం ఎదిగింది. ఇక్కడ అడిగేదీ వాళ్లే, పుచ్చుకునేదీ వాళ్లే. తెలిసినవాడు ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఆఫీసు ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. హాల్లో రిసెప్షన్, వంటగట్టు మీద ప్రింటరు, పెద్ద బెడ్‌రూమ్‌లో డైరెక్టరు గారు. పూజగదిని హెచ్ఆర్ విభాగం చేశారు. తలుపుకి బిగించిన ఇత్తడి గంటలు తీయడం మరిచిపోయినట్టున్నారు, మేడమ్ బయటికొచ్చి పేరు పిలిచినప్పుడల్లా అవి గణగణ మోగేవి. కూర్చున్న పిల్లలంతా హారతి వేళయినట్టు లేచి నిలబడేవారు. పదింటికి రమ్మన్నారు. పన్నెండున్నరకి మావాడి గంట మోగింది.

మొదటి ప్రశ్న: "ఒరిజినల్స్ తెచ్చారా?"

తెచ్చాడు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ప్రొవిజనల్, సీఎంఎం, ఓడీ అన్నీ వరసగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి తెచ్చాడు. మేడమ్ ఒక్కొక్కటి వెలుతురుకి ఎత్తి చూసింది. నీటిగుర్తు ఉందా, హోలోగ్రామ్ మెరుస్తోందా, సంతకం పెన్నుతో పెట్టిందేనా అని గోటితో గీరి మరీ చూసింది. బంగారం తాకట్టు పెట్టుకునే దగ్గర కూడా అంత నిష్ఠ నేను చూడలేదు. చూసి, అయిదూ తన సొరుగులో పెట్టి తాళం వేసుకుంది. "వెరిఫికేషన్ అయ్యేదాకా మా దగ్గరే ఉంటాయి" అంది.

తర్వాత టెక్నికల్ రౌండు. మావాడు నెల రోజులుగా పాలిమార్ఫిజం అంటే ఏమిటో అద్దం ముందు నిలబడి చెప్పుకుంటున్నాడు. డైరెక్టరు గారు దాని జోలికే పోలేదు.

"నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"వ్యవసాయం సార్. నరసరావుపేట దగ్గర."

"సొంతమా, కౌలా?"

"మూడెకరాలు సొంతం సార్, రెండెకరాలు కౌలు."

"మిర్చేనా? తేజా వేశారా? అమ్మేశారా, కోల్డ్ స్టోరేజీలో పెట్టారా?"

ఆయనకి జావా వచ్చో రాదో నాకు తెలియదు. గుంటూరు యార్డులో ఆ వారం క్వింటాలు ఎంత పలికిందో మాత్రం మా బావ కంటే బాగా తెలుసు. కోల్డ్ స్టోరేజీలో సరుకు ఉందని వినగానే మొహం విప్పారింది. "కాన్ఫిడెన్స్ ఉంది కుర్రాడిలో" అన్నాడు నా వైపు తిరిగి. ఏడు నిమిషాల్లో మావాడు సెలెక్టయిపోయాడు.

అంతకు ముందు లోపలికి వెళ్లొచ్చిన అమ్మాయి సంగతి వేరు. ఆమెని పెళ్లయిందా అని అడిగారట. లేదంటే ఎప్పుడు అన్నారట. తెలియదంటే, తెలిశాక రమ్మన్నారట. వరంగల్ నుంచి వచ్చిన ఒక కుర్రాడికి ఇదివరకే ఇంకో మర్యాద జరిగింది. ఇంటికి పంపి, పరీక్షగా ఒక వెబ్‌సైటు చేసి తెమ్మన్నారు. నాలుగు రాత్రులు కూర్చుని చేసి ఇచ్చాడు. "మేమే ఫోన్ చేస్తాం" అన్నారు. ఫోన్ రాలేదు గానీ వాడు చేసిన సైటు మాత్రం ఎవరిదో స్వగృహ ఫుడ్స్ పేరుతో నడుస్తోంది. వాడు అందులోనే అరిసెలు ఆర్డరిచ్చి చూశాడు, బాగున్నాయట.

ఇక మావాడి ఆఫర్ దగ్గరికి వద్దాం. లక్షన్నర. సగం ఇవాళ, సగం ఆఫర్ లెటర్ చేతికొచ్చాక. జీతం ఎంత ఇస్తారన్న ప్రశ్నకి ఇది జవాబు కాదని నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఆ డబ్బుకి వాళ్లు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతారు. వాడు కాలేజీ నుంచి బయటపడి ఎనిమిది నెలలే అయిందని మనవి చేశాను. అది సమస్యే కాదట. ఆ మూడేళ్లూ వాడు బెంగళూరులో ఒక బ్యాంకుకి పేమెంట్ సాఫ్ట్‌వేర్ రాశాడట. ఆ మూడేళ్లలోనే మావాడు ఎం-త్రీ లెక్కల పేపరు రెండుసార్లు తప్పాడు. ఒకేసారి రెండూ చేశాడంటే అసాధ్యుడే.

ఎక్స్‌పీరియన్స్‌లోనూ రకాలున్నాయి, టిఫిన్ సెంటర్లో దోసెలకి లాగా. లెటర్ ఒక్కటే అయితే ఒక రేటు, పే స్లిప్పులతో అయితే ఇంకో రేటు. 2014లో పీఎఫ్ వాళ్లు యూఏఎన్ అని 12 అంకెల నంబరు తెచ్చారు. ఎవరు ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో అందులో బయటపడిపోతుంది. దానికీ విరుగుడుంది. పీఎఫ్ కట్టిన ఎక్స్‌పీరియన్స్ కావాలంటే స్పెషల్ రేటు. మన డబ్బే ముందు పుచ్చుకుని, నెలనెలా మన ఖాతాలో జీతంగా వేస్తారు. మా బావ మిర్చి అమ్మి కొడుక్కి జీతం ఇస్తాడన్నమాట.

నా బుర్రకి అందని ముడి ఒక్కటే. మన సర్టిఫికెట్లు గోటితో గీరి చూసుకుని తాళం వేసుకున్న మనిషి, మన చేతికి ఇస్తానంటున్నవి మాత్రం నిఖార్సయిన నకిలీలు!

ఈ పేటలో పాతకాలం నుంచీ సత్యం అని ఒక థియేటరుండేది. దాన్ని కూల్చి మాల్ కట్టారు. ఊళ్లో అదే పేరుతో ఒక పెద్ద కంపెనీ కూడా ఉండేది. 2009 జనవరి 7న దాని ఛైర్మన్, పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఉత్తరం రాసిచ్చాడు. అంత పెద్దాయన చూపిన దారిలో ఈ చిన్నాయన మూడేళ్ల అనుభవాన్ని పుట్టించడం ఏపాటి నేరం?

పెద్ద కంపెనీలేం తక్కువ తినలేదు. ఫ్రెషర్లు కావాలంటూనే రెండేళ్ల అనుభవం తప్పనిసరి అని ప్రకటన వేస్తాయి. సముద్రం దాటినా ఇదే భాగోతం. అమెరికాలో చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీదున్న పిల్లలు ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి గడపకూడదు. ఆ 90 రోజుల భయాన్ని పెట్టుబడిగా పెట్టి, గెస్ట్ హౌస్‌లో పడకేసి, రెజ్యూమెలో ఎనిమిదేళ్లు అంటించేది కూడా మనవాళ్లే.

చివర్న బాండు తీశారు. 100 రూపాయల స్టాంపు పేపరు, రెండేళ్ల గడువు, మధ్యలో మానేస్తే మూడు లక్షలు, దాంతో పాటు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు మూడు. నేను ఉండబట్టలేక, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ ఉందనీ, కాగితం మీద ఎంత రాసుకున్నా న్యాయమైన నష్టపరిహారమే తప్ప అడిగినంతా రాదనీ అన్నాను.

"సార్ లాయరా?"

"కాదండీ, మేనమామని."

"అయితే కాస్త బయట కూర్చోండి."

కూర్చోలేదు. సర్టిఫికెట్లు వెనక్కి అడిగాం. సొరుగు తాళం సార్ దగ్గరుందన్నారు, సార్ మీటింగులో ఉన్నారన్నారు. ఆయన మా ఎదురుగానే టీ తాగుతున్నాడు. గంటసేపు వాదించాక, ఫైలు తెరిచిన ఖర్చు కింద 500 కట్టించుకుని ఇచ్చారు. రసీదు అడిగితే జిరాక్సు ఇచ్చారు.

మెట్లు దిగుతుంటే ఫైలు చంకలో పెట్టుకుని ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. కాళ్లకి బూట్లు వదులు, హాస్టల్లో ఎవరివో అడిగి తొడుక్కొచ్చినట్టున్నాడు.

"అన్నా, లోపల ఏం అడుగుతున్నారు?"

"మిర్చి రేటు" అన్నాడు మావాడు.

"మాకు పొలం లేదన్నా."

"అయితే నీది తొందరగా అయిపోతుందిలే తమ్ముడూ."