మీటల మీద చేతులుండే రోజుల్లో

మా రోజుల్లో తిరువూరులో టైపు నేర్చుకోవడానికి చేరితే మొదటి పాఠం ఏ, ఎస్, డి, ఎఫ్. మీటల వంక చూడకూడదు. చూపు కిందికి వాలితే మా మాస్టారు వేళ్ల మీద రుమాలు కప్పేసేవారు. లోయరు పరీక్షకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. విస్సన్నపేట, గంపలగూడెం పిల్లలు పొద్దున్నే బస్సెక్కి వచ్చి, వేళ్లు నొప్పెట్టేదాకా కొట్టి, ఆ వేగం సంపాదించుకునేవాళ్లు. ఇప్పుడు ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు నెట్ సెంటర్లో కూర్చుని, ఒక రైతు అర్జీ నింపడానికి గడిగడికీ మౌసు వెతుక్కుంటాడు. ట్యాబ్ నొక్కితే పక్క గడిలోకి పోతుంది కదరా అంటే, “ఇట్లాగే అలవాటైంది మాస్టారూ” అంటాడు. బయట బెంచీ మీద పదిమంది ఎదురుచూస్తుంటారు.

1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి ఇచ్చింది. అందులో తక్కువ డబ్బుకొచ్చే షెల్ ఖాతాలో బొమ్మలుండవు, అక్షరాలే. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో 1992లో పుట్టిన, అడవిపిల్లి పేరు పెట్టుకున్న లింక్స్ అనే బ్రౌజరే అక్కడ దిక్కు. మౌసుతో పనేలేదు. టైపు నేర్చిన చేతికి అది సొంత ఇల్లులా ఉండేది.

నాకు ప్రాణప్రదమైనది మాత్రం ఈలింక్స్ అనే బ్రౌజరు. చెక్ దేశస్థుడు మికులాష్ పటోచ్కా రాసిన ఇంకో లింక్స్ ఉంది. పిలుపు ఒకటేగానీ దీనికీ అడవిపిల్లికీ చుట్టరికం లేదు. 2001లో పెత్ర్ బౌడిష్ దాని కోడు తీసుకుని, తనకు కావలసినవి చేర్చుకుంటూ ఈలింక్స్‌ను వేరుగా పెంచాడు. దీన్నే ఫోర్క్ అంటారు. దొంగతనం కాదు, ఆ కోడు లైసెన్సే అందుకు అనుమతిస్తుంది. ‘జి’ నొక్కితే చిరునామా అడుగుతుంది. స్లాష్ నొక్కితే పేజీలో వెతికిపెడుతుంది. ఎడమ బాణం నొక్కితే వెనక్కి. ‘క్యూ’ నొక్కితే బయటికి. పాత కంప్యూటరు కూడా ఆయాసపడదు. ఇప్పటి బ్రౌజర్లో నాలుగు పేజీలు తెరిచి చూడండి, కొత్త మిషనే మూలుగుతుంది.

ఈలింక్స్‌తో ఇవాళ అర్జీ పెట్టగలవా అని కుర్రాళ్లు నన్ను నిలదీస్తారు. చాలా సైట్లు తెరుచుకోవు, నిజమే. జావాస్క్రిప్ట్ లేకపోతే తెల్లకాగితం చూపిస్తాయి. ఆ తప్పు బ్రౌజరుదంటే నేనొప్పుకోను. పేజీలో ప్రతి పనీ కీబోర్డుతో చేయగలిగేలా ఉండాలని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లోనే మార్గదర్శకాల్లో రాసింది. చూపు లేనివాళ్లు తెర చదివే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, మీటలతోనే పేజీలో తిరుగుతారు. మౌసుకు మాత్రమే పలికే పేజీ వాళ్ల మొహాన తలుపు వేసినట్టే. నా అలవాటు సంగతి పక్కన పెట్టండి, వాళ్ల సంగతేమిటి?

మీటల బ్రౌజర్లు పాతబడ్డాయనడం కూడా తప్పే. స్విట్జర్లాండ్ కుర్రాడు ఫ్లోరియాన్ బ్రూహిన్ పైథాన్‌లో రాసిన క్యూట్‌బ్రౌజర్ ఉంది. అందులో ‘ఎఫ్’ నొక్కితే తెరమీది ప్రతి లింకు పక్కనా చిన్న అక్షరాలు మొలుస్తాయి, వాటిని కొడితే లింకు తెరుచుకుంటుంది. లోపల నడిపేది క్రోమియం ఇంజనే, కాబట్టి ఇవాళ్టి సైట్లూ పలుకుతాయి. ఆ ఇంజను వంశం చూస్తే లినక్సు డెస్క్‌టాప్ కేడీఈ వాలంటీర్లు రాసిన కేహెచ్‌టీఎంఎల్ దగ్గరికి పోతాం. దాన్ని తీసుకుని యాపిల్ వెబ్‌కిట్ చేసింది, 2013లో దాన్నుంచి గూగుల్ బ్లింక్‌ను వేరు చేసింది. అంతంత కంపెనీలే ఇంకొకరి కోడు మీద నిలబడ్డాయి. అదే హక్కు తిరువూరు కుర్రాడికీ ఉంది. వాడా హక్కు వాడుకోడే, అదీ నా బాధ.

చేయవలసిన పని కళ్లెదుటే ఉంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ అక్షరపట్టికలోనే తెలుగుకు చోటుంది. స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు లినక్సు డెస్క్‌టాప్‌ను తెలుగు చేశారు, ఫైర్‌ఫాక్స్ మెనూలూ తెలుగులో వచ్చాయి. అక్షరాలే కనిపించే నల్లటి టెర్మినల్లో ఈలింక్స్ తెరిచి తెలుగు పేజీ పెడితే మాత్రం ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకోచోట. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి అన్న లెక్కతో టెర్మినళ్లు కట్టారు. ఇంగ్లిషుకు సరిపోయింది. ‘లక్ష్మి’ అని రాస్తే ఎక్కడ విరగ్గొట్టాలో వాటికి తెలియదు. చెక్ దేశంవాడు వచ్చి మన ఒత్తులు సరిచేస్తాడా?

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కోసం మన పిల్లలు హైదరాబాదు అమీర్‌పేట వెళ్లి, ఎవరో చేసిపెట్టినది డబ్బిచ్చి కొనుక్కొస్తున్నారు. అట్ట మీద పేరు తమది, లోపలి కోడు ఏం చేస్తుందో తెలియదు. దానికి మార్కులు కూడా పడతాయి. ఆ డబ్బు అక్కర్లేదు, ఈలింక్స్ కోడంతా ఊరికే దొరుకుతుంది. తెలుగు గడుల లెక్క సరిచేయడం ఒక్కటి పెట్టుకుంటే నాలుగేళ్ల చదువుకూ అర్థముంటుంది. ఎవడైనా కూర్చుంటానంటే మా ముందుగది ఖాళీగానే ఉంది. కరెంటు నాది, కాఫీ నాది. తెరమీద తెలుగు ఎక్కడ విరిగిందో పక్కన కూర్చుని చదివి చెప్పే పని కూడా నాదే.