అయిదు లీటర్లు

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు. చెట్లు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు ఒరిగిపోయాయి. మంగళవారానికి కూడా ఊళ్లో కరెంటు లేదు. కరెంటు లేదు గనక కుళాయిల్లో నీళ్లు లేవు, ఫోన్లు లేవు. డీజిలు మాత్రం ఉంది. భూమిలో ఉంది.

శివార్లలో హైవే పక్కనున్న ఒక బంకు మేనేజరు ట్యాంకులోకి డిప్ రాడ్ దింపి పైకి తీశాడు. సగానికి పైగా తడిసింది. తొమ్మిది వేల లీటర్లకు తక్కువ ఉండదు. లైన్లో ముందున్నవాళ్లు ఆ తడి వంక చూస్తూ నిలబడ్డారు. అది పైకి రావాలంటే మోటారు తిరగాలి. చేత్తో తిప్పే పంపులు ఎప్పుడో పోయాయి.

దసరాకి వచ్చి ఇక్కడే చిక్కుకుపోయిన అమెరికా ఆయన ఒకరు కారు దిగొచ్చారు.

"2012లో శాండీ తుఫానప్పుడు మా న్యూజెర్సీలోనూ ఇదే కథ. చాలా బంకుల్లో పెట్రోలుంది, కరెంటు లేదు. సరి నంబరు బళ్లకి ఒకరోజు, బేసి నంబరు బళ్లకి ఒకరోజు పోశారు. మరుసటి ఏడు పక్కన న్యూయార్క్‌లో చట్టమే చేశారు, హైవే దగ్గర బంకులు జనరేటరు తగిలించుకునే ఏర్పాటు చేసుకోవాలని."

"మాకు ఏర్పాటేంటి సార్, జనరేటరే ఉంది," అన్నాడు మేనేజరు.

ఉంది. ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ఉంది. దసరాకి పూజ కూడా చేశారు. కుంకుమ బొట్లు చెదరలేదు, బంతిపూల దండ ఎండిపోయింది. తనిఖీ రిజిస్టరులో 'జనరేటరు: ఉన్నది. పనిచేయుచున్నదా: పనిచేయుచున్నది' అని సంతకంతో సహా ఉంది. అందులో డీజిలు ఉందా అన్న గడి రిజిస్టరులో లేదు. తనిఖీ నాడు పోసిన రెండు లీటర్లూ అధికారి కళ్లెదుటే మండిపోయాయి. ఆ తర్వాత ఎవరూ పొయ్యలేదు. బంకులో డీజిలుకేం కరువు.

ఆ మంగళవారమే ప్రధానమంత్రి విశాఖ వచ్చి 1,000 కోట్ల తక్షణ సాయం ప్రకటించారు. బంకులో కావలసింది అయిదు లీటర్లు.

మేనేజరు లైను పొడుగునా అడుగుతూ వెళ్లాడు. లారీ డ్రైవరు తన ట్యాంకులో వాసన తప్ప ఏమీ లేదన్నాడు. అంబులెన్సు డ్రైవరు అద్దం దించలేదు.

లైన్లో పదో స్థానంలో ఒక పెద్దాయన, గాలికి బోర్లా పడిపోయిన రేకు బోర్డు మీద కూర్చుని ఉన్నాడు. టెంట్ హౌస్ ఆయనది. పక్కన ఇరవై లీటర్ల క్యాను.

"ఏమయ్యా, అందులో ఏముంది?"

"ఆయిలే బాబూ. ఐదు లీటర్లుంటాది. ఇంకో క్యాను నేదు, అడుగునున్నదాంతోటే తెచ్చీసినాను."

"ఏం చేస్తావు దాన్ని?"

"మా జనరేటరుకి. పెల్లిల్లకాడ తిప్పీదే. మూడ్రోజులై మా ఈది బోరుకి తగిలించీసినాను. ఈదంతా ఆ నీల్లే తాగతంది."

మేనేజరు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అది ఇలా ఇయ్యి బాబాయ్. మోటారు తిరిగితే నీకు పొయ్యక ఎవరికి పోస్తాం?"

పెద్దాయన కాసేపు క్యాను వంకా, కాసేపు లైను వంకా చూశాడు. లేచి ఇచ్చాడు.

మేనేజరు దాన్ని తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న కొలపాత్రలోకి వంపించాడు. అంచు దాకా వచ్చింది. "సరిగ్గా అయిదు. లెక్క లెక్కే బాబాయ్," అన్నాడు.

డీజిలు పోసి స్టార్టరు కొట్టారు. ఇంజను మూలిగింది. మళ్లీ కొట్టారు. మళ్లీ మూలిగింది.

"ఊరికే కొట్టీకండి బాబూ, బేటరీ దిగిపోద్ది. ఎండిపోయినింజను గాలట్టీస్తాది. పానా ఒకటియ్యండి."

పెద్దాయన పంచె ఎగ్గట్టి నేల మీద చతికిలబడ్డాడు. స్క్రూ ఒకటి వదులు చేసి, పక్కనున్న చిన్న చేతిపంపు నొక్కుతూ పోయాడు. ముందు నురగ వచ్చింది. నురగ సన్నబడింది. బుడగల్లేని ధార వచ్చాక స్క్రూ బిగించి, మోచేతి దాకా కారిన డీజిలు పంచెకు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు కొట్టండి."

ఇంజను అందుకుంది. దండలోని పూలన్నీ పొడిపొడిగా రాలిపోయాయి. లైను లైనంతా చప్పట్లు కొట్టింది.

ఆయన షెడ్డులోంచి వచ్చేసరికి లైన్లో ఆయన చోటు పూడిపోయింది. మేనేజరు నోట్లు లెక్కపెడుతూ తలెత్తలేదు. "లైను లైనే పెద్దాయనా. వెనక్కెళ్లు."

పెద్దాయన వెనక్కెళ్లాడు.

అంబులెన్సులకు పోశారు. సర్కారు జీపులకు పోశారు. తర్వాత బైకులు, ఆటోలు. ఏ అధికారైనా చూస్తే బాగుండదని మేనేజరు బంకంతా ఊడిపించాడు. బోర్లా పడిన బోర్డును కుర్రాడి చేత తుడిపించి, స్తంభానికి కట్టించాడు.

"సార్, జనరేటరులో కాస్త పోద్దామా?" అన్నాడు కుర్రాడు.

"ముందు లైను కదలనీ."

రెండు గంటలకు పెద్దాయన వంతు వచ్చింది. క్యాను మూత తీసి కింద పెట్టాడు. కుర్రాడు గొట్టం అందులో పెట్టాడు.

"ఏయ్, ఆగు!" అన్నాడు మేనేజరు. బోర్డు చూపించాడు. 'సీసాలలో, క్యానులలో పెట్రోలు, డీజిలు పోయబడదు.'

"ఇందాకటాయిలు ఈ క్యాన్లోదే గదా బాబూ."

"అది నువ్వు పోసింది. ఇది మేం పొయ్యాల్సింది. రూలు మాకు. బండి తెచ్చుకో, ట్యాంకు నిండా పోస్తా."

"బండి కాదు బాబూ, జనరేటరు. దారంతా సెట్లు పడున్నాయి. ఎలాగ తెచ్చీది?"

మేనేజరు సొరుగు లాగి, అయిదు లీటర్ల ధర చిల్లరతో సహా లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాడు.

"ఒకరి సొమ్ము మేం ఉంచుకోం."

పెద్దాయన ఆ డబ్బు పంచె మడతలో దోపుకున్నాడు. క్యానుకు మూత పెట్టుకుని, పడిన చెట్ల మీదుగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

పావుగంట గడిచింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

మేనేజరు కంగారుపడలేదు. అప్పుడే నింపుకున్న ఒక లారీ డ్రైవర్ని బతిమాలి, ట్యాంకులో గొట్టం పెట్టి లాగించి, అయిదు లీటర్లు జనరేటరులో పోయించాడు. స్టార్టరు కొట్టాడు. ఇంజను మూలిగింది. పానా తీసుకుని ఒక స్క్రూ విప్పాడు. బిగించాడు. ఇంకోటి విప్పాడు. స్టార్టరు ఈసారి మూలగను కూడా లేదు.

షెడ్డులోంచి పరుగున బయటికి వచ్చాడు.

"ఒరేయ్, బాబాయ్ ఎంతో దూరం వెళ్లుండడు. పరిగెత్తు. ఎలాగైనా పిలుచుకురా!"

కుర్రాడు నాలుగడుగులు పరిగెత్తి, బోర్డు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"క్యానుతో రమ్మనాలా సార్, క్యాను లేకుండానా?"