బంగార వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: వేలూరు పక్కన తిరుమలైకోడిలో శ్రీపురం స్వర్ణ దేవాలయం చూసుకుని గుడియాత్తం తిరిగొచ్చే బస్సులో, పళ్ళికొండ దాటాక, ఒక మరిది తన బావతో పలికిన వాక్యమిది. ఇద్దరూ మగ్గం మీద బతికేవాళ్ళే. 2007 ఆగస్టు 24న ఆ గుడికి కుంభాభిషేకం జరిగింది. నాటి నుంచీ ఈ దారిలో ఏదో ఒక సీట్లో ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉన్నారు కనుక, దీన్ని అపౌరుషేయమనుకున్నా నష్టం లేదు.

మూలం: “బావా! అంత బంగారం గోడలకు అతికించేదానికి బదులు ఒక ఆసుపత్రి కట్టింటే ఎంత బాగుండు! సరేలే, మళ్ళా ఎప్పుడు పోదాం?”

ప్రతిపదార్థం: బావా = ఓ బావా, నువ్వు కాదనవన్న ధైర్యంతో చెబుతున్నాను; అంత బంగారం = లోకం నోట 1,500 కిలోలుగా స్థిరపడిన బంగారం; గోడలకు అతికించేదానికి బదులు = రాగిరేకుల మీద శిల్పం తీర్చి, వాటిపైన 9 నుంచి 15 పొరల దాకా బంగారు రేకు తాపడం చేసిన పనివాళ్ళ చేతి పనంతా ఒక్క మాటలో కొట్టిపారేసి (తన నేతను ఎవరైనా ‘దారాలు ముడేయడం’ అంటే ఈ మరిదే కొట్లాటకు దిగుతాడు); ఒక ఆసుపత్రి = ఒక వైద్యశాలను; కట్టింటే = కట్టి ఉండినట్లయితే (ఎవరు కట్టాలో చెప్పలేదు, కర్తను శ్రోతే వెతుక్కోవాలి); ఎంత బాగుండు = మిక్కిలి బాగుండును; సరేలే = ఇంతవరకు అన్నదంతా రద్దు; మళ్ళా ఎప్పుడు పోదాం = తేదీ చెప్పు.

తాత్పర్యం: గుడి దండగ. మళ్ళీ చూడాలి.

శంక: శ్రీపురాన్ని కట్టిన శ్రీ నారాయణీ పీఠం వారి ఆసుపత్రి ఆ తిరుమలైకోడిలోనే ఉంది కదా? ఉన్నదాన్నే మళ్ళీ కోరడం పునరుక్తి దోషం కాదా?

సమాధానం: కాదు. ఆసుపత్రి సంగతి మరిదికి తెలుసు. ఇక్కడ ఆసుపత్రి ఉపలక్షణం మాత్రమే. రోడ్డు, బడి, కౌండిన్య నదిలో నీళ్ళు, ఏది పెట్టినా అన్వయం చెడదు. ఆ బంగారం సర్కారు సొమ్ము కాదు, భక్తులు పీఠానికిచ్చిన సొమ్ము. కాబట్టి నిలదీయడానికి హక్కు లేదు, ఊరుకోవడానికి మనసు లేదు. ఈ రెండింటి నడుమ నలిగిన మనిషి నోట ‘ఆసుపత్రి’ అన్న మాటే వస్తుంది.

విశేషం: ఇదే మరిది తన ఊరు గుడియాత్తంలో జరిగే గంగమ్మ సిరసు పండుగ ఖర్చు గురించి ఎన్నడూ నోరెత్తలేదు. తమిళ వైకాసి నెల ఒకటో తేదీ తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి సిరసు బయలుదేరి గోపాలపురం చేరేదాకా దారి పొడవునా టెంకాయలు పగులుతాయి. కాలు పెడితే చిప్పలు గుచ్చుకుంటాయి. రాత్రికి బాణసంచా. ఆ టెంకాయల డబ్బుతో ఏం కట్టి ఉండొచ్చని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అక్కడ పగిలిన టెంకాయల్లో ఒకటి ఇతనిది. శ్రీపురం చందా పుస్తకం ఇతని గుమ్మం దాకా రాలేదు. నా మట్టుకు నాకు ఈ వాక్యంలోని అసలు బాధ ఖర్చు కాదు, చేయి పడలేదన్నదే.

పాఠాంతరాలు: శంషాబాద్ ప్రతిలో ‘బంగారం’ బదులు ‘పంచలోహం’ అని ఉంది. 2022 ఫిబ్రవరి 5న శంషాబాద్ పక్కన ముచ్చింతలలో 216 అడుగుల రామానుజుల విగ్రహాన్ని ఆవిష్కరించినప్పటిది ఆ పాఠం. “అదీ చైనాలో పోత పోయించారంట” అని అక్కడ అదనంగా ఒక పాదం చేరింది. డాలస్ ప్రతి వేరు. అక్కడ రేమండ్ నాషర్ సొంత డబ్బుతో నడిబొడ్డున కట్టించిన శిల్పాల తోట 2003లో తెరిచారు. తర్వాత పక్కనే లేచిన 42 అంతస్తుల మ్యూజియం టవర్ అద్దాల మీంచి ఎండ తిరిగి తోటలో పడసాగింది. అక్కడి జనం తిట్టింది తోటను కాదు, ఎండను. శ్రీపురానికి ఆ ఇబ్బంది లేదు. మిట్టమధ్యాహ్నం కళ్ళు చికిలించుకోవడానికి దాని మెరుపు దానికే చాలు.

అలంకారం: వ్యాజస్తుతి. శ్రీపురంలో నక్షత్రాకారంలో 1.8 కిలోమీటర్ల బాట వేసి, పొడవునా ఉపదేశాల బోర్డులు పెట్టారు. మరిది ప్రతి బోర్డూ ఆగి చదివాడు. దండగ అనుకున్నవాడు అంత నిదానంగా నడవడు.

ధ్వని: అయితే ఒక బోర్డు దగ్గర అతని మొహం మాడింది. అది ఉపదేశం కాదు, ఏ బట్టల్లో లోపలికి రాకూడదో చెప్పే పట్టీ: షార్ట్స్, నైటీ, లుంగీ. గుడియాత్తం అంటేనే లుంగీ. ఊరూరా అమ్ముడుపోయే ఆ సరుకును నేసినవాడు, కట్టుకుని ఆ గడప తొక్కకూడదు. ‘ఒక ఆసుపత్రి’ అన్నచోట ‘ఒక లుంగీ’ అని వేసి చదివితే వాక్యం ఇంకా సూటిగా అన్వయిస్తుంది.

ఉత్తర వాక్యం (బావ పలికినది): “వచ్చే నెల కూలి రానీ, పోదాం. పంచె నువ్వే తే.”

ప్రతిపదార్థం: కూలి రానీ = చార్జీలకు ఇప్పుడు లేవు; నువ్వే తే = పోయినసారి కట్టుకున్నదీ నీదే.