రోజుకి ఆరు ఋతువులు

మే నెలలో తెనాలి మనిషికి "అక్కడ 32 డిగ్రీలే" అని చెబితే ప్రాణం లేచొస్తుంది. ఆ రిటైర్డ్ పోస్టుమాస్టరుగారికీ అలాగే లేచొచ్చింది. కొడుకూ కోడలూ సింగపూర్‌లో ఉంటారు. ఓ నెల ఉండి వెళ్లమని ఎప్పటినుంచో పోరు. 42 డిగ్రీల ఎండలో గొడుగు లేకుండా తిరిగిన సర్వీసు ఆయనది. "32 మా ఊళ్లో తెల్లవారుజామున ఉంటుందిరా" అని ఫోన్లోనే కొడుకు ఊరిని తీసిపారేసి, భార్య పెట్టెలో సర్దిన మంకీ క్యాపు చూసి పగలబడి నవ్వి, ఆవిడతో కలిసి విమానమెక్కారు.

మర్నాడు పొద్దున పదింటికి ఏసీ ఇంట్లోంచి తలుపు తీసుకుని బయట అడుగు పెట్టగానే కళ్లజోడు మసకబారింది. బస్టాపు చేరేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. బస్సెక్కేసరికి బనీను పిండితే చెంబు నిండేలా ఉంది. డిగ్రీలు చూస్తే 31. ఇదేం లెక్కో ఆయనకి అంతుపట్టలేదు.

లెక్క సులువే. చెమట పడితే ఒళ్లు చల్లబడదు, ఆరితే చల్లబడుతుంది. ఈ ఊరి గాలిలో సగటు తేమ 80 శాతం పైమాటే. అప్పటికే నీళ్లతో నిండిన గాలి ఇంకొకరి చెమటని ఎక్కడ పుచ్చుకుంటుంది? తపాలా భాషలో చెప్పాలంటే, పంపిన సరుకు బట్వాడా కాకుండా పంపినవారికే తిరిగొచ్చింది. సింగపూర్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. 1983లో ఒకసారి, మళ్లీ 2023 మే 13న ఇంకోసారి. ఆ సంగతి కొడుకు భయపెడుతున్నట్టు చెప్పాడుగానీ, 37 అంటే తెనాలిలో మే నెలకి కాస్త తెరిపి ఇచ్చిన రోజు.

ఉద్యోగం వదిలినా ఆయన్ని డైరీ వదల్లేదు. రోజూ పడుకోబోయే ముందు ఆనాటి వాతావరణం ఒక వాక్యం రాస్తారు. తెనాలిలో ఆ వాక్యానికి కరువుండదు. వడగాలి, ఈదురుగాలి, బంగాళాఖాతంలో వాయుగుండం, రోహిణి కార్తె, ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది. సింగపూర్‌లో మొదటిరోజు "వేడి, ఉక్క, మధ్యాహ్నం మీద వాన" అని రాశారు. రెండోరోజు "డిటో". మూడోరోజూ డిటోయే. భూమధ్యరేఖకి సుమారు 137 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో డైరీ రాయడమంటే డిటోలు పెట్టుకోవడమేనని తేలాక ఆయనకి బెంగ పట్టుకుంది.

అప్పుడు పంచాంగం తీశారు. అక్కడ ఇంకో చిక్కు. ఈ ఊళ్లో ఏడాది పొడుగునా సూర్యుడు ఏడింటికి అటూ ఇటూగా వస్తాడు, సాయంత్రం ఏడింటికి అటూ ఇటూగా వెళతాడు. అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా పది నిమిషాలు కూడా లేదు. ఇంత క్రమశిక్షణ గల సూర్యుడు ఏడింటిదాకా నిద్రపోవడానికి కారణం ఆయన కాదు, గడియారం. మలేషియాతో సమానంగా ఉండాలని 1982 జనవరి 1న సింగపూర్ తన గడియారాన్ని అరగంట ముందుకి జరుపుకుంది. అప్పటికే అది సూర్యుడికంటే ముందు నడుస్తోంది. ఇప్పుడు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఒంటిగంట అవుతుంది.

దీనివల్ల ఎవరికి ఏ ఇబ్బందీ లేదు, రాహుకాలానికి తప్ప. తెనాలి ఇంట్లో వేలాడే క్యాలెండరు ప్రకారం సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. అది ఆరింటికి పొద్దుపొడుస్తుందనుకుని వేసిన లెక్క. ఏడింటి సూర్యుడికి వేస్తే ఎనిమిదిన్నర నుంచి పది. అంటే కొడుకు ఆఫీసులో ప్రతి సోమవారం తొమ్మిదింటి మీటింగు రాహుకాలంలోనే పడుతోంది.

"ఇన్నాళ్లూ చూసుకోలేదేంట్రా?"

"మా మీటింగు ఏ కాలంలో పెట్టినా అలాగే ఉంటుంది నాన్నా."

రెండో వారంలో ఓ రోజు తెల్లవారకముందే కోయిల కూసి ఆయన్ని లేపింది. మే నెలలో కోయిలేమిటని అడిగితే, ఇక్కడ దానికి వసంతంతో పని లేదనీ, చీకట్లోనే మొదలెట్టే ఆ కూత నిద్ర చెడగొడుతోందని జనం ఫిర్యాదులు చేస్తుంటారనీ కోడలు చెప్పింది. కోయిల మీద ఫిర్యాదు! ఆయనకి నవ్వాగలేదు. కాఫీ తాగుతూ ఆ నవ్వులోనే విషయం తట్టింది. ఋతువులు ఈ ఊరికి రాకపోవడమేమిటి, రోజూ వస్తున్నాయి, అదీ ఆరూ కలిసి. తను ఏడాదికోసారి వెతుకుతున్నారు కనక కనబడలేదు.

ఆరోజు నుంచి డైరీలో డిటో మాయమైంది. తెల్లవారుజామున వసంతం, సాక్షి కోయిల. పది నుంచి గ్రీష్మం. మూడింటికి ఆకాశం నల్లబడి వర్షఋతువు దిగుతుంది. ఏడాదిలో 170 రోజుల దాకా వాన పడే ఊరు. ఉరుము కూడా ఇక్కడ కబురు చెప్పి రాదు, నెత్తినే పడుతుంది. మలక్కా జలసంధి మీదుగా సుమత్రా గాలివాన కొట్టిన రోజు వర్షఋతువు వసంతాన్ని తోసేసి తెల్లవారకముందే వచ్చేస్తుంది. వాన వెలిశాక సాయంత్రం శరత్తు. మెట్రో రైలెక్కితే హేమంతం. లైబ్రరీలోనో సినిమా హాల్లోనో కూర్చుంటే శిశిరం.

ఇందులో చివరి రెండూ మనుషులు చేసుకున్నవి. సింగపూర్ ప్రధాని అయ్యాక తాను చేసిన తొలి పనుల్లో ఒకటి ప్రభుత్వ కార్యాలయాల్లో ఏసీలు పెట్టించడమని లీ క్వాన్ యూ చెప్పుకున్నారు. ఉష్ణమండలంలో పనులు సాగాలంటే అదే కీలకమని ఆయన నమ్మకం. పోస్టుమాస్టరుగారు ఈ మాట విని చాలాసేపు ఆలోచించారు. తన ఆఫీసులో ఉన్నది ఒక్కటే ఫ్యాను. అది తిరిగితే కాగితాలెగిరేవి, ఆపితే గుమాస్తాలు లేచిపోయేవారు.

ఆ లైబ్రరీలోనే, మూడోవారంలో, మంకీ క్యాపు పెట్టెలోంచి బయటికొచ్చింది. ఎదుటి కుర్చీలో చైనా పెద్దాయనొకాయన మెడదాకా జిప్పు లాగిన కోటులో పేపరు చదువుకుంటున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని గంభీరంగా తలలూపుకున్నారు.

గొడుగుకి మాత్రం ఆ యోగం పట్టలేదు. ఈ ఊరికి పథకం వేయించిన స్టాంఫర్డ్ రాఫిల్స్ 1822లోనే, దుకాణాల ముందు ఎడతెగని వసారా ఉండాలని, అందులో అందరూ నడవచ్చని షరతు పెట్టాడు. ఆ వసారాలు పాత వీధుల్లో ఇంకా ఉన్నాయి. 2013 నుంచి మెట్రో స్టేషన్లకి 400 మీటర్ల లోపు ముఖ్యమైన దారులకి పైకప్పులు వేసుకుంటూ వచ్చారు. కొడుకు ఉండే ఫ్లాటు నుంచి స్టేషను దాకా ఒక్క చినుకు మీద పడదు. తెనాలి నుంచి మోసుకొచ్చిన గొడుగు మనవడికి క్రికెట్ బ్యాటుగా పనికొచ్చింది.

ఇన్ని ఋతువులున్నా పోస్టుమాస్టరుగారి భార్యకి కావలసినది మాత్రం దొరకలేదు. మే నెలలో సగ్గుబియ్యం వడియాలు పెట్టకుండా ఆవిడ ఏనాడూ ఉండలేదు. కిటికీ దగ్గర గుడ్డ పరిచి పెట్టిన మొదటి వాయి మధ్యాహ్నం వానకి మళ్లీ జావైపోయింది. రెండో వాయి వానకి తడవలేదుగానీ గాలికి ఆరనూ లేదు. చివరికి దారి చూపింది కోడలే.

"అత్తయ్యగారూ, ఏసీ గదిలో పెట్టి చూద్దాం."

గాలిని చల్లబరిచేటప్పుడు ఏసీ అందులోని తేమని కూడా పిండి బయటికి పంపేస్తుంది. పొడిగాలి, పైన ఫ్యాను. రెండురోజుల్లో వడియాలు గలగలలాడాయి. ఆ రెండు రాత్రులూ పోస్టుమాస్టరుగారు దుప్పటి కప్పుకుని వడియాలకి కాపలా పడుకున్నారు. ఎండాకాలపు వడియాలు చలికాలంలో ఆరాయని డైరీలో రాసుకున్నారు.

వడియాల తర్వాత దోమల వంతు వచ్చింది. తులసి కుండీ కింద పళ్లెంలో నీళ్లు రోజూ ఒంపేయమని కోడలు చెబితే పోస్టుమాస్టరుగారు మొదట మొహం ముడుచుకున్నారు. నిలవ నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, చూడ్డానికి అధికారులు ఇళ్లలోకి వస్తారు, దొరికితే జరిమానా. అంతవరకు బాగానే ఉంది. 2016 నుంచి ప్రభుత్వమే దోమల్ని పెంచి వదులుతోందన్నప్పుడు ఆయన తట్టుకోలేకపోయారు. "మన దగ్గర దోమలు సొంత కష్టం మీద పైకొస్తాయమ్మాయ్. ఇక్కడ సర్కారే చేరదీస్తోందా?" వదిలేవి మగదోమలు, అవి కుట్టవు. వాటిలో వొల్బాకియా అనే బాక్టీరియా ఉంటుంది. వాటితో జతకట్టిన ఆడదోమల గుడ్లు పొదగవు. అంతా విని, "అంటే అల్లుళ్లని పంపి వంశం ఆపుతున్నారన్నమాట" అని తేల్చారు.

సింగపూర్‌లో ఆయన మొదటిరోజు నుంచీ తడబడకుండా చేసిన పని ఒకటుంది. తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్ల సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ సెంటర్లలో మధ్యాహ్నం జనం తిండి తెచ్చుకోవడానికి వెళుతూ బల్ల మీద టిష్యూ కాగితాల ప్యాకెట్టు పెడతారు. ప్యాకెట్టున్న చోట ఇంకొకరు కూర్చోరు. కదలని బస్సు కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు సంపాదించిన తరం ఆయనది, ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. టెక్కా అనే హాకర్ సెంటర్లో రుమాలే వేసి, చక్కెర జబ్బు దృష్ట్యా "కొపీ సీ కొసోంగ్" అని, పాలున్న, పంచదార లేని కాఫీ తెచ్చుకుని కూర్చునేవారు.

తిరుగు ప్రయాణానికి ముందు తెనాలి నుంచి పాత పోస్టాఫీసు స్నేహితుడు ఫోన్ చేశాడు. ఇక్కడ మాడిపోతున్నామని చెప్పి, ఆత్రంగా అడిగాడు.

"అక్కడ ఎండలెలా ఉన్నాయోయ్?"

"ఎన్ని గంటలకి?" అన్నారు పోస్టుమాస్టరుగారు.