నా కింది గొంతు

శావల్యాపురం, వినుకొండ వైపు పెళ్లి ఊరేగింపుల్లో మీరు నన్ను వినే ఉంటారు. డ్రమ్ముల మోతలో, ట్రంపెట్ల పక్కన, పాటను సన్నగా పైకెత్తి పట్టుకునేది నేనే, క్లారినెట్టుని. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల ముందు కూడా నడిచాను. అయితే మీరంతా విన్నది నా పై గొంతే.

నా ఒంటికి వెనకవైపు, ఎడమ బొటనవేలి దగ్గర చిన్న మీట ఉంది. వేణువును గట్టిగా ఊదితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. నాకలా కాదు. ‘స’ ఊదుతూ ఆ మీట నొక్కితే పై స్థాయి ‘ప’ పలుకుతుంది. అందుకే నన్ను నేర్వడం కష్టం. మీట వదిలేస్తే మిగిలేది కింది గొంతు. నల్లగా, నిండుగా, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టుంటుంది. వీధిలో దాన్ని డ్రమ్ము మింగేస్తుంది.

ఆ కింది గొంతుకు విలువ కట్టినవాళ్లలో జర్మన్లున్నారు. 1700 ప్రాంతంలో న్యూరెంబర్గులో డెన్నర్ అనే పనివాడి చేతుల్లో మా జాతి పుట్టింది. 1849 ఫిబ్రవరిలో షూమన్ అనే స్వరకర్త కొద్ది రోజుల్లోనే మాకూ పియానోకూ కలిపి మూడు చిన్న రచనలు చేశాడు. వాటిలో పియానో వంతపాట కాదు. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు ముగిస్తారు.

బ్రాంస్ అనే మరో స్వరకర్త కథ నాకు మరీ ఇష్టం. 1890లో ఇక సంగీతం రాయనని అనుకున్నాడాయన. మరుసటి ఏడు మైనింగెన్‌లో మ్యూల్‌ఫెల్డ్ అనే వాద్యకారుడి క్లారినెట్టు విని మళ్లీ కలం పట్టాడు. ఈ మ్యూల్‌ఫెల్డ్ అక్కడి ఆర్కెస్ట్రాలో చేరింది వయొలిన్ వాయించడానికి. క్లారినెట్టు సొంతంగా నేర్చుకున్నాడు. మా బ్యాండు మేళంలో సగం మంది అలా నేర్చినవాళ్లే, అందుకే ఆయన నాకు మనవాడనిపిస్తాడు. 1894లో బ్రాంస్ ఆయన కోసం మాకూ పియానోకూ సొనాటాలనే రచనలు రెండు రాసి, పియానో తానే వాయించాడు. మొదటి సొనాటా రెండో భాగంలో పియానో చాలా తక్కువ మాట్లాడుతుంది. దాని మీదుగా క్లారినెట్టు ఒక్కో మెట్టూ తడుముతూ నిదానంగా దిగుతుంది. వాయించేవాడి ఊపిరి ఏమాత్రం వణికినా అక్కడ బయటపడిపోతుంది.

ఇదంతా పడమటి సంగీతం కదా, మన గమకాలు నాకు పలకవేమోనన్న అనుమానం ఎవరికైనా ఉంటే ఎ.కె.సి. నటరాజన్ గారిని వినండి. మా జాతి వాద్యం మీద కచేరీలు చేసి 2008లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారాయన.

ఇంతకీ బ్రాంస్ సంగతి నాకు తెలిసింది మా మేళం మేస్త్రి మనవరాలి సెల్‌ఫోన్ వల్ల.

“తాతా, ఇది మన క్లారినెట్టేనా?” అంది.

మేస్త్రి రెండుసార్లు విన్నాడు. “మనదేనమ్మా. కానీ ఇక్కడ దాన్ని ఎవరూ తరమడం లేదు,” అన్నాడు.

ఆ రాత్రి రీడును నాలుక మీద తడిపి, పెదవి కింద సర్ది, మీట ముట్టకుండా ఊదాడు. పియానోను నేనింతవరకు ఎదురుగా చూడలేదు. అయితే మేళం బండి మీద కీబోర్డుంది. దాన్ని వాయించే కుర్రాడు శబ్దం బాగా తగ్గించి, ఒక్కో స్వరం పట్టుకుని ఆగాడు. బ్రాంస్ కాదు వాళ్లు వాయించింది, పాత సినిమా పాట. కానీ నా ఒంటి అడుగు దాకా ఊపిరి నిండింది. నేను ఏ పనికి పుట్టానో ఆ పని జరిగింది.

పాటలు ఏవైనా సరే, ఎండలో పది మందినీ కదిలించే పని నాకు గౌరవమే. దాన్ని వదులుకోను. మిమ్మల్ని అడిగేది ఒక్కటి. ఈసారి ఇంట్లో పెళ్లికి మేళం మాట్లాడుకునేటప్పుడు, భోజనాలయ్యాక డ్రమ్ములు ఆపి, ఒక్క పాట క్లారినెట్టూ కీబోర్డూ మాత్రమే వాయించమని మేస్త్రిని అడగండి. కుర్చీలు దగ్గరికి జరుపుకుని వినండి.