వేలిముద్రకు మతిమరుపు లేదు

కాగితాల మీద మాది ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. మనసులో మాత్రం జగ్గయ్యపేట, నందిగామ ఇంకా కృష్ణా మెట్టే. మా మెట్టలో మతిస్థిమితానికి పరీక్ష ఒక్కటే. బొటనవేలు పడుతోందా? పడితే మనిషి భేషుగ్గా ఉన్నట్టే.

పక్కింటి మామ్మగారిని రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్తే తోడెళ్లాను. ఏ ఊరి ఆఫీసని అడక్కండి. పెద్దకొడుకుని "మీదే ఊరు నాయనా?" అని మూడుసార్లు అడిగిందావిడ. డాక్యుమెంట్ రైటర్ "స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా..." అని చదివి, "అవునను మామ్మా" అన్నాడు. అంది. మిరపచేను దానమైపోయింది. రెండో సాక్షిని నేనే.

రాసిచ్చేవారు మైనరుగానో, మతిలేనివారిగానో కనిపిస్తే తిరస్కరించమంటుంది 1908 రిజిస్ట్రేషన్ చట్టం, 35వ సెక్షన్. కనిపించాలంటే కంప్యూటర్లోంచి తలెత్తాలిగా!

చిన్నకొడుకు అమాయకుడు. బ్యాంకుకెళ్లి "అమ్మకి డిమెన్షియా అండీ, మందులకి డబ్బు కావాలి" అని నిజం చెప్పాడు. ఖాతాకి తాళం పడింది. గార్డియన్ ఆర్డర్ తెమ్మన్నారు.

ఎక్కణ్ణుంచి తేవడం? 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పిల్లలకే. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నాయి, ఈ జబ్బు పేరు లేదు. 1987 మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తికి మేనేజర్ని నియమించే అధ్యాయం ఉండేది. 2017లో కొత్త చట్టం రాస్తూ దాన్ని వదిలేశారు. మతిమరుపు మామ్మ ఒక్కదానికేనా? ముందుజాగ్రత్తగా జీపీఏ రాయించుకున్నా, 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ఉంది: మతి పోయిన నాటికి అక్కరకొస్తుందని రాయించుకున్న కాగితం మతి పోయిన రోజే చెల్లకుండా పోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పరిమిత సంరక్షకుడనే మాట ఉంది. ఆ మాట చెబితే కౌంటర్లో కుర్రాడు నవ్వాడు. ఇక మిగిలింది నేలపాడు హైకోర్టులో రిట్టు. రెండు స్ట్రిప్పుల మాత్రల కోసం!

దానం రద్దు చేయించడానికి 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ ఉంది, నందిగామలో ఆర్డీవో ఉన్నారు. కాకపోతే అమ్మని చూసుకోవాలన్న షరతు మీదే దానం జరిగిందని తేలాలి. పెద్దకొడుకు రాయించిన దస్తావేజులో ఆ ముక్క వెతకండి, నేను చదివే సంతకం పెట్టాను.

రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం మామ్మగారు అరుగు మీద కూర్చుని, వేలికంటిన సిరా కొంగుతో తుడుచుకుంటూ అడిగింది:

"ఓట్లైపోయాయా నాయనా? ఎవరు గెలిచారు?"